నల్లరేగడిపై వెలసిన సంత: కాపెల్ కథ

ఆగస్టు మాసము వచ్చెనన్న కాపెల్ నగరమున గృహస్థులు తమ యిండ్ల పునాదులకు నీరు పెట్టుట ఆరంభింతురు. పూలమొక్కలకు పెట్టు నీరు వేరు, పచ్చికకు పెట్టు నీరు వేరు; ఇది కేవలము పునాదికై పెట్టు నీరు. గోడకు అడుగున్నర ఎడముగా, సన్నని రంధ్రములు గల గొట్టమును ఇంటి చుట్టును పరచి, తెల్లవారుజామున కొంతసేపు కుళాయి విప్పి, మన్నులో తడి ఆరిపోకుండ కాచుకొందురు. ఏమరినవాని యింట గోడమూలలు చీలును, తలుపులు చట్రములలో బిగిసికొనును, పునాది పలకను మరల సమము చేయించుటకు వేల డాలర్లు వ్యయమగును. ఇంతకును కారణము ఆ నేల. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని, చేయి దూరునంత నెఱియలు విచ్చు ఆ మన్ను పలనాటి నుండియో, కర్నూలు సీమ నుండియో, ఆదిలాబాదు పత్తిచేల నుండియో పోయిన తెలుగువానికి పరాయిది కాదు. అది మన నల్లరేగడియే. భూశాస్త్రజ్ఞులు మన రేగడిని, టెక్సాస్ వారు తమ రాష్ట్ర మృత్తికగా చెప్పుకొను 'హ్యూస్టన్ బ్లాక్'ను ఒక్క వర్గముననే చేర్చి, రెంటిని 'వర్టిసోల్' అను పేరనే వ్యవహరింతురు. పదివేల మైళ్లకు చేరువైన దూరము పయనించి పోయిన మనవారు తుదకు తాతతండ్రుల నేలవంటి నేలమీదనే ఇల్లు కట్టుకొనిరన్న మాట.

కాపెల్ డాలస్ కౌంటీకి వాయవ్యమూలను, కొంత భాగము డెంటన్ కౌంటీలోనికి చొచ్చుకొని, పదునైదు చదరపు మైళ్లకు మించని విస్తీర్ణమున ఒదిగియున్న చిన్న నగరము. 2020 జనగణన ప్రకారము అందలి జనసంఖ్య 42,983. తెలుగుదేశమున ఒక మోస్తరు పురపాలక సంఘమునకు ఉండు జనమే. దక్షిణమున డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయము, తూర్పున ట్రినిటీ నది ఎల్మ్‌ఫోర్క్ పాయ, ఉత్తరమున డెంటన్ క్రీక్ వాగు దీని ఎల్లలకు చేరువగా నున్నవి. హైదరాబాదులోను, విజయవాడలోను ఈ ఊరి పేరు విన్నవారు దానిని ప్రాయికముగా రెండే విషయములకు ముడిపెట్టుదురు: మంచి బడులు, మనవాళ్లు. రెండును సత్యములే. అయినను నూటముప్పది యేండ్లకు పైబడిన ఒక ఊరిని ఈ రెంటితోనే ఎరుగుట, ఇంటి వీధి తలుపును మాత్రమే చూచి ఇల్లు చూచితిమనుట వంటిది. నాకు తోచినంతలో కాపెల్ చరిత్ర ఆమూలాగ్రము ఒక అంగడి చరిత్ర. ఆ అంగడి ఎట్లు పుట్టెను, ఎట్లు మాయమయ్యెను, ఏ రూపమున మరల వచ్చెను అనునదియే ఆ ఊరి స్వభావమును తెలుపు కథ.

ఇంగ్లండు దేశమున 'మార్కెట్ టౌను' అనునది అంగళ్లున్న ప్రతి ఊరికిని వాడు మాట కాదు. వారమునకొక దినమున సంత జరుపుకొను హక్కును రాజశాసనము ద్వారా పొందిన ఊరికే ఆ హోదా. ఒక సంతకును మరియొక సంతకును నడుమ ఉండవలసిన కనీస దూరమును 13వ శతాబ్దమున బ్రాక్టన్ అను న్యాయకోవిదుని పేర వెలసిన గ్రంథము నిర్ణయించినది. అది ఆరు మైళ్లు, మరి మైలులో మూడింట రెండు వంతులు. ఆ లెక్క వెనుకనున్న తర్కము మనోహరమైనది. మనుష్యుడు దినమునకు ఇరువది మైళ్లు నడవగలడు. అందు ఒక వంతు సంతకు పోవుటకు, ఒక వంతు కాలము క్రయవిక్రయములకు, మిగిలిన వంతు చీకటి పడకమునుపే ఇల్లు చేరుకొనుటకు. మన యేజెన్సీలో అరకు శుక్రవారపు సంతకు కొండలు దిగివచ్చు గిరిజనులు ఏ శాసనగ్రంథమును చదువకయే ఇదే లెక్కను తరతరములుగా పాటించుచున్నారు. మనిషి కాలినడకయే ఊళ్ల నడుమ దూరమును నిర్ణయించిన కాలమది. అమెరికాలో కాపెల్ వంటి ఊళ్లు పుట్టునాటికి ఆ కొలత మారినది. పత్తిబండి తోలుకొని పోయి ఒక్క పూటలో రైలు స్టేషనును చేరగలుగుట అచటి కొలతయైనది.

ఊరు పుట్టుటకు పూర్వమే అచట ఒక ఊట కలదు. గ్రేప్‌వైన్ స్ప్రింగ్స్ అను ఆ సెలయూటల చెంత 1843 గ్రీష్మమున, టెక్సాస్ ఇంకను స్వతంత్ర గణతంత్రముగా నున్నప్పుడు, దాని అధ్యక్షుడు సామ్ హ్యూస్టన్ డేరాలు వేయించి, చుట్టుపట్ల తెగల నాయకులతో సంధి మాటలాడుటకై వారముల తరబడి నిరీక్షించెను. అతడు ఎదురు చూచిన కొమాంచీలు రాలేదు. అధ్యక్షుడు తిరిగిపోయిన పిమ్మట, అతని ప్రతినిధులు ఆ యేడు సెప్టెంబరు 29వ తేదీన బర్డ్స్ ఫోర్ట్ అను కోటవద్ద పలు తెగలతో ఒడంబడిక చేసికొనిరి. ఆ ఒడంబడికలో యుద్ధవిరమణతో పాటు వర్తకపు మాట కూడ కలదు: సరిహద్దు వెంబడి కొటారులు నెలకొల్పి, అచట ఉభయులును వస్తువులు మార్చుకొనవలెనని. నెత్తురు చిందించుకొన్న రెండు జనములు కలసి కూర్చుండగల చోటు అంగడి యొక్కటే యని ఆనాటి పాలకులకును తోచినది. ఆ నమ్మిక నిలువలేదు. పదునారేండ్లు తిరుగకమున్నే, 1859లో, టెక్సాస్ రిజర్వేషనులలో మిగిలిన తెగలవారిని సైతము ఎర్రనదికి ఆవలికి తరలించివేసిరి. నేడు ఆ ఊటలున్న చోట చిన్న ఉద్యానవనము కలదు. 1930లనాటి ఆర్థికమాంద్యమున ప్రభుత్వ ఉపాధి పథకపు కార్మికులు పేర్చిన రాతికట్టడములు వాగు వెంబడి నేటికిని నిలిచియున్నవి. సాయంకాలపు నడకకు వచ్చు మన పెద్దలలో పెక్కుమందికి, తాము కూర్చున్న రాతి చప్టా చెంత ఒక గణతంత్రపు అధ్యక్షుడు ఎవరి కొరకో కాచుకొని కూర్చుండెనను సంగతి తెలియదు. తెలిసిన, ఆ నడక మరింత సార్థకమగునని నా తలంపు.

పీటర్స్ కాలనీ యను వలస పథకము 1841లో టెక్సాస్ ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందము. కుటుంబముతో వచ్చినవానికి 640 ఎకరములు, ఒంటరివానికి 320 ఎకరములు ఇత్తుమని ఆశ చూపి, ఉత్తర టెక్సాస్ మైదానములకు రైతులను రప్పించినది అదియే. అట్లు వచ్చిన కుటుంబములు ఈ వాగుల నడుమ గోధుమ, మొక్కజొన్న, పత్తి వేసికొని, బెతెల్ అను పేర ప్రార్థనామందిరమును, శ్మశానవాటికను ఏర్పరచుకొనిరి. ఆ పేరు నేటికిని బెతెల్ రోడ్డు రూపమున ఊరి నడుమ నిలిచియున్నది. 1880ల చివర, పిమ్మట సెయింట్ లూయిస్ సౌత్‌వెస్టర్న్ అని పేరుపొందిన రైలుమార్గము ఈ పొలముల గుండ సాగినప్పుడు అచట ఒక స్టేషను వెలసి, 1885 నుండి 1887 వరకు టెక్సాస్ లెఫ్టినెంట్ గవర్నరుగా నుండిన బార్నెట్ గిబ్స్ పేర గిబ్స్ స్టేషను అయినది. 1892లో దానికే, జార్జ్ కాపెల్ అనువాని పేర, కాపెల్ అని పేరు మార్చిరి. ఈ జార్జ్ కాపెల్ రైలుదారి వేసిన ఇంజనీరని చిరకాలము నమ్ముచు వచ్చిన ఊరివారికి, స్థానిక చరిత్రకారులు పాతపత్రములు వెదకి, అతడు రైలు సంస్థలకు పెట్టుబడులు సమకూర్చిన న్యూయార్క్ ధనికుడని వెల్లడించిరి. ఆ కాపెల్ ఆంగ్లేయుడు. అంతర్యుద్ధకాలమున న్యూ ఆర్లియన్స్‌లో బ్రిటిష్ తాత్కాలిక కాన్సలుగా నుండి, ఆ నగరమును ఆక్రమించిన సేనాని బట్లరుతో విదేశీయుల హక్కులకై పలుమారు తలపడినవాడు.

ఇచట పత్తి విషయమున కొంత ఆగవలెను. ఏలయన, తెలుగుదేశమునకును టెక్సాస్‌కును తొలి బాంధవ్యము కంప్యూటరు కలిపినది కాదు, పత్తి కలిపినది. ఆ రైలుమార్గమునకు జనము పెట్టుకొన్న పేరే 'కాటన్ బెల్ట్'. అమెరికా దక్షిణ రాష్ట్రముల పత్తి లివర్‌పూల్ రేవునకు పోయి, లాంకషైర్ మిల్లులలో నూలై, బట్టయై, తిరిగి మన అంగళ్లకు వచ్చి మన సాలెవారి మగ్గములను మూలబెట్టినది. 1861లో అంతర్యుద్ధము చెలరేగి, ఉత్తరసేనల నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధించినంతనే, లివర్‌పూల్ వర్తకుల చూపు హిందూదేశపు రేగడి నేలలపై పడెను. గుంటూరు, కృష్ణా, కర్నూలు మండలముల రైతులు పత్తికి అంతకుముందు కనివిని ఎరుగని ధర చూచిరి; కాకినాడ రేవు ఆ నాలుగేండ్లలో కళకళలాడెను; మన పత్తికి 'కోకనాడ' అను పేరు విలాయతు వర్తకమున స్థిరపడెను. 1865లో యుద్ధము ముగిసి అమెరికా పత్తి మరల ఓడలెక్కగానే ఆ ధర కూలెను, ఎకరములు పెంచుకొన్న మన రైతు అప్పులపాలయ్యెను. అదే యేడు జూన్ 19వ తేదీన గాల్వెస్టన్ రేవున చదువబడిన ప్రకటనతో, టెక్సాస్ పత్తిచేలలో నెత్తురు ధారవోసిన ఆఫ్రికా జాతి బానిసలకు తాము స్వతంత్రులమని తెలియవచ్చెను. ఒక్క యుద్ధపు ఆరంభము పలనాటిలో ఒక రైతు ఇంట పండుగయై, దాని ముగింపు అదే యింట దుఃఖమై, సముద్రమునకు ఆవల వేలకొలది కుటుంబములకు విముక్తియైనది. కాపెల్ స్టేషను చెంత పత్తిబేళ్లు పేర్చినవారికి గుంటూరు పేరు తెలిసియుండదు. గుంటూరు రైతుకు టెక్సాస్ పేరు అసలే తెలియదు. కాని ఇరువురి బండ్లలోని సరుకు ధరను ఒకే బజారు నిర్ణయించుచుండెను.

స్టేషనుతో పుట్టిన అంగడి స్టేషనుతోనే క్షీణించెను. పత్తికాయను తొలుచు బోల్ వీవిల్ పురుగు, మాంద్యము, ఆపై లారీలు, తారురోడ్లు వరుసగా వచ్చి, రైతు నేరుగా డాలస్‌కు పోగలిగినప్పుడు నడుమనున్న చిన్న ఊరితో పనిలేకపోయెను. 1955లో కాపెల్ నగరపాలక హోదా పొందినను, దశాబ్దముల వరకు అది ఒక పల్లెయే. మార్పు ఆకాశమున వచ్చెను. 1974 జనవరిలో ఊరి దక్షిణపుటెల్ల ప్రక్కనే, పదిహేడు వేల ఎకరములకు మించిన నేలపై, మన్‌హటన్ ద్వీపముకంటె విశాలమైన విమానాశ్రయము తెరువబడినది. 1980లో 3,826గా నున్న జనసంఖ్య 1990 నాటికి 16,881 అయ్యెను. 2000 నాటికి 35,958. ఇరువదేండ్లలో తొమ్మిది రెట్లకు మించి పెరిగిన ఊరిలో, పాతవారికి ఇరుగుపొరుగు నెరుగుటకే తీరిక చిక్కియుండదు. పత్తిచేలు పోయి, ఇటుక ఇండ్ల వీధులు వచ్చెను.

అంగడియో, గిడ్డంగి యయ్యెను. విమానాశ్రయమును, జాతీయ రహదారులను చూచుకొని, పెద్ద సంస్థలు ఊరి పడమటి భాగమున ఒక్కొక్కటి పలు ఎకరముల కప్పు గల సరకుల కొట్లు కట్టుకొనినవి. కంటైనర్ స్టోర్ తన ప్రధాన కార్యాలయమును ఇచటనే ఏర్పరచుకొన్నది. అమెజాన్ ఇచట పెట్టెలు కట్టి పంపుచున్నది. 1932లో డాలస్‌లో ఒక కిరాణా కొట్టుగా ఆరంభమైన మినియార్డ్ సంస్థ తన కేంద్రమును చిరకాలము కాపెల్‌లోనే నిలుపుకొన్నది. టెక్సాస్‌లో అమ్మకపు పన్ను గరిష్ఠముగా నూటికి ఎనిమిదింబావు. అందు ఆరుంబావు రాష్ట్రమునకు, మిగిలిన రెండు స్థానిక సంస్థలకు. అంతర్జాలమున కొన్న సరుకునకు ఆ రెండు డాలర్లు ఎవరికి చెందవలెను? పెట్టె బయలుదేరిన ఊరికా, పెట్టె చేరిన ఊరికా? చాలకాలము బయలుదేరిన ఊరికే చెందుచుండెను. రాష్ట్ర కోశాధికారి ఆ నియమమును మార్చి, 2021 అక్టోబరు నుండి అనేక సందర్భములలో చేరిన ఊరికే చెందవలెనని శాసించగా, తన ఆదాయమున పెద్దకోత పడునని కాపెల్ నగరము మరికొన్ని నగరములతో కలసి న్యాయస్థానము నాశ్రయించినది. సంత ఎచట జరుగుచున్నట్లు? కొనువాని యింటనా, అమ్మువాని కొట్టుననా? బ్రాక్టన్ కాలమున ఈ సంశయమునకు తావు లేదు, ఏలయన ఇరువురును ఒక్క చెట్టు క్రిందనే నిలిచియుండిరి. నా అభిప్రాయము కాపెల్ పక్షమే. రాత్రింబవళ్లు లారీలు త్రొక్కు రోడ్లను బాగుచేయించునది, కొట్టులో నిప్పంటుకొన్న అగ్నిమాపక దళమును పంపునది, పెట్టె బయలుదేరిన ఊరే గదా.

తెలుగువారు ఈ ఊరికి వచ్చిన త్రోవ అందరెరిగినదే గనుక దానిని సంక్షేపించెదను. డాలస్ ప్రాంతపు టెలికాం సంస్థలు, 2000 సంవత్సరపు కంప్యూటరు లెక్కల భయము, ఆపై బ్యాంకులు, వైద్యసంస్థలు రప్పించిన ఇంజనీర్లు తొలుత ఇర్వింగ్‌లోని అపార్ట్‌మెంట్లలో దిగి, పిల్లలు బడికి పోవు ఈడు రాగానే కాపెల్ పాఠశాలా మండలము సరిహద్దు ఏ వీధితో ముగియునో పటములో వెదకిరి. ఇర్వింగ్‌కు చెందిన వ్యాలీరాంచ్‌లో కొంతభాగము, డాలస్‌కు చెందిన సైప్రెస్ వాటర్స్ కూడ ఈ మండలములోనివే; నగరము వేరు, బడి వేరు. నేడు ఆ మండలపు విద్యార్థులలో సగమునకు పైగా ఆసియా మూలములవారు. 1986లో స్థాపితమైన ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘము, 'టాంటెక్స్', 2007 నుండి నెలనెలా ఎడతెగక సాహిత్య సదస్సు నడుపుచున్నది; మన రాష్ట్రములలో ఏ జిల్లా కేంద్రమైనను చూచి గర్వింపదగిన నియమమది. పొరుగున ఇర్వింగ్‌లో 2014 అక్టోబరు 2వ తేదీన ఆవిష్కృతమైన గాంధీజీ కాంస్యవిగ్రహము విజయవాడ శిల్పి బుర్రా వరప్రసాద్ చేతి పని.

బడులను గూర్చి మాత్రము ఒక సంగతి విశదముగా చెప్పవలెను. టెక్సాస్‌లో జీతముపై రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు. పాఠశాలలకు ప్రధానాధారము ఇంటిపన్ను. కాపెల్‌లో ఇండ్ల విలువ అధికము గనుక, 1993లో వచ్చిన చట్టము ననుసరించి, ఈ మండలము తన పన్నులలో కొంత పేద మండలముల కొరకు రాష్ట్రమునకు చెల్లించుచు వచ్చినది. జనులు దానిని దొంగలకు దొర రాబిన్ హుడ్ పేర పిలుతురు. చట్టపు ఆశయము న్యాయమైనదే. కాని విద్యార్థి యొక్కనికి రాష్ట్రము లెక్కగట్టు మూలమొత్తమును 2019 నుండి ఏండ్ల తరబడి 6,160 డాలర్లవద్దనే నిలిపివేయగా, ధరలు మాత్రము నిలువలేదు. ఇండ్లు ఖరీదై చిన్నపిల్లలున్న దంపతులు కొనలేక దూరపు ఊళ్లకు పోవుటచే విద్యార్థుల సంఖ్యయు తగ్గెను. తత్ఫలితముగా పాతఊరి చెంతనున్న పింకర్టన్ ప్రాథమిక పాఠశాలను 2025లో మూసివేసిరి. మంచి బడుల కొరకే మనవారు వలస వచ్చిన ఊరిలో బడి మూతపడుట ఎవరికిని సామాన్య వార్త కారాదు. ఆ నిర్ణయమునకు ముందు బహిరంగ సభలు జరిగినవి. తల్లిదండ్రులు మైకు ముందు నిలిచి వేడుకొనిరి. ఒక బడి విలువ దాని పరీక్షా ఫలితములలోనే కాక, దాని ముంగిట తల్లులు ఒకరినొకరు పలుకరించుకొను ఆ పది నిమిషములలో కూడ కలదని ఆనాడు పెక్కుమందికి బోధపడియుండును.

ఇట్లు ఇండ్లు, బడులు, గిడ్డంగులు మాత్రమే యున్న ఊరికి నడిబొడ్డు ఏది యను ప్రశ్న పాలకులకు కలిగినది. వారు పాత స్టేషను పరిసరములనే ఎన్నుకొని, 'ఓల్డ్ టౌన్' అను పేర బెతెల్ రోడ్డు దరిని ఒక చదుకమును, ఫౌంటెనును, పందిరిని నిర్మించిరి. 2020లో అచటనే కళాకేంద్రము తెరువబడినది. మన పిల్లల కూచిపూడి, భరతనాట్య అరంగేట్రములకు అది నెలవైనది. 2003లో ఆరంభమైన రైతుబజారు నేడు ఆ పందిరి క్రిందనే, శనివారము ఉదయము ఎనిమిది గంటల నుండి మధ్యాహ్నము వరకు నడచుచున్నది. దాని నియమము కఠినము: పండించినవాడే అమ్మవలెను. దళారికి, దూరపు మండీలో కొని తెచ్చువానికి అచట తావులేదు. హైదరాబాదు రైతుబజారులను 1999లో ఆరంభించినప్పుడు మనమును ఈ మాటయే చెప్పుకొంటిమి. దానిని ఎంతవరకు పాటించుచున్నామో పాఠకులకు నేను చెప్పనక్కర లేదు.

వేసవి శనివారములలో ఆ పందిరి క్రింద ఒక గంటసేపు నిలుచుండుట విజ్ఞానదాయకమైన అనుభవము. బల్లలపై పార్కర్ కౌంటీ పీచ్‌పండ్లు, నేలవాసన వీడని ఉల్లిగడ్డలు, ఊదారంగు కాయలతో కట్టలు కట్టిన అలసందలు, గంపలలో బెండకాయలు. బెండకాయ బల్లవద్ద ఎప్పుడును తెలుగు వినబడును. స్వదేశము నుండి ఆరునెలలకు వచ్చిన అత్తగారు కాయను చేతికి తీసికొని, కొనను బొటనవ్రేలితో పుటుక్కున విరుచును. "అత్తయ్యా, ఇక్కడట్లా విరవకూడదండీ," అని కోడలు చెవిలో చెప్పును. "విరవకపోతే లేతదో ముదురుదో ఎట్లా తెలుస్తుందే తల్లీ?" అని ఆమె రెండవది తీసికొనును. బల్ల వెనుకనున్న రైతు మొదట కనుబొమలెగురవేసినను, ముదిరిన కాయ విరుగక వంగుటయు, లేతది విరుగుటయు తానెరిగినదే గనుక, ఈమె తన పంటను ఎరిగిన మనిషియని గ్రహించి, పైనుండి లేతవి తానే ఏరి వేయును. భాషలు కలియని ఇద్దరు మనుష్యులు ఒక కాయను గూర్చి పూర్తిగా ఏకీభవించు ఆ క్షణము అమెజాన్ గిడ్డంగిలో జరుగజాలదు.

ఆ బెండ పుట్టినిల్లు ఆఫ్రికా యందురు. బానిస ఓడలలో అమెరికాకు వచ్చిన జనముతో అదియు వచ్చినది. సముద్రవర్తకుల చేతులమీదుగ మన దేశమునకును వచ్చినది. అలసందల కథయు అట్టిదే. టెక్సాస్‌లో నూతన సంవత్సర దినమున అలసందలు తినిన ఏడాది పొడుగునను కలిసివచ్చునని తెల్లవారును, నల్లవారును నమ్ముదురు. మన యింట అవే గింజలు వడలై విస్తరిలోనికి వచ్చును. పత్తితో పాటు వచ్చిన దుఃఖమును పత్తి మరచినను, కూరగాయలు మరువలేదనిపించును.

పుట్టించిన రైలు మాత్రము ఊరిని మరచినది. కాదు, ఊరే రైలును వదలుకొన్నది. డాలస్ ప్రాంతపు రవాణా సంస్థ 'డార్ట్' నుండి కాపెల్ ఓటర్లు 1989లో వైదొలగిరి. ఆ సంస్థకు పోవు నూటికొక డాలరు పన్నును తమ ఊరికే మిగుల్చుకొనదలచిరి. ఆనాటి లెక్కకు అది సరియైన నిర్ణయమే కావచ్చును. 2025 అక్టోబరు చివర అదే సంస్థ పాత కాటన్ బెల్ట్ దారి వెంబడి, విమానాశ్రయము నుండి ప్లేనో వరకు, సిల్వర్ లైన్ అను ప్రయాణికుల రైలును ప్రారంభించినది. ఆ రైలు కాపెల్ గుండ పోవును, కాపెల్‌లో ఆగదు. సమీపపు స్టేషను సైప్రెస్ వాటర్స్, డాలస్ పొలిమేరలోనిది. స్టేషను పేరుతో పుట్టిన ఊరికి స్టేషను లేకపోవుట నాకు బాధాకరముగనే తోచుచున్నది. విమానాశ్రయమున అర్ధరాత్రి పాళీ చేయు కార్మికునికి, కారు నడుపజాలని ముదుసలికి, విశ్వవిద్యాలయమునకు పోవు విద్యార్థికి రైలు ఒక సౌకర్యము మాత్రము కాదు. ఇతరుల దయపై ఆధారపడక ఊరు కదలగల స్వాతంత్ర్యము. 1989 నాటి ఓటును నేటి ఊరు మరల విచారించుకొనుటలో తప్పులేదు.

విచారించుకొనువారెవరు అనునదియే అసలు ప్రశ్న. కాపెల్ తెలుగువారిలో పెక్కుమంది ఇల్లు కొని, పన్ను చెల్లించి, పదేండ్లు పదిహేనేండ్లు నివసించియు ఓటులేనివారు. శాశ్వతనివాసపు అనుమతులలో ఏ ఒక్క దేశమునకును నూటికి ఏడింటికి మించి ఈయరాదను నియమము వారిని వరుసలో నిలిపియుంచినది. ఆ వరుసలో నిలిచియున్నంతకాలము ఊరు తమది కాదనుకొనుట సహజమే. కాని అది తమకే నష్టము. ఓటునకు పౌరసత్వము కావలెను గాని, నగర మండలి సభలో లేచి నిలిచి నాలుగు మాటలు చెప్పుటకు నివాసియైన చాలును. గ్రంథాలయములో స్వచ్ఛందముగా పనిచేయుటకు, రైతుబజారులో బల్లలు మోయుటకు, ఉద్యానవనపు బాటలు శుభ్రపరచుటకు ఏ అనుమతిపత్రమును అక్కరలేదు. కేరళమూలములుగల బిజు మాథ్యూ ఈ నగర మండలికి ఎన్నికైనాడు. ద్వారము మూసియున్నదని ఎవరును అనరాదు.

కాపెల్‌లోని తెలుగు సోదరీసోదరులకు నా విన్నపమిదియే. మీ ఊరిలో బడి మూయుట, రైలు ఆగుట, పన్ను ఎవరికి చెందుట అను విషయములు చర్చకు వచ్చిన సాయంకాలమున పార్క్‌వే బులవార్డులోని టౌన్ సెంటరు సభామందిరమున వెనుక వరుసనైనను వచ్చి కూర్చుండుడు. ఓటు గలవారు అధ్యక్షుని ఎన్నికకు పోయినంత శ్రద్ధతో నగర మండలి ఎన్నికకును, పాఠశాలా మండలి ఎన్నికకును పోవుడు. అచట ఫలితము కొలదివందల ఓట్లతో తేలును. స్వదేశము నుండి వచ్చిన తల్లిదండ్రులను ఇంట దూరదర్శని ముందు విడిచిపోక, శనివారము ఉదయము పందిరి క్రిందికి తీసికొనిపొండు.